చింతమాను అడితికేనా?

గాలివానకు చింతమాను కూలితే నంద్యాలలో ముందు కరెంటోళ్లు, వెనకే రంపం, ఆపైన అడితి ట్రాక్టరు. సాయంత్రానికి అంత మానూ కట్టెల లెక్కలో కలిసిపోతుంది. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డలో తరతరాలుగా రాతిలో దేవుళ్లను చెక్కే శిల్పులున్నారు. రాతి ఉలి కొయ్యకు పనికిరాదు, నిజమే. కానీ విగ్రహాల కొలతల లెక్క, తాలమానం, తెలిసిన చేతికి కొయ్యపని నేర్పడం ఎంతసేపు? 2024 ఆగస్టులో, షూటింగులతో పేరుపడ్డ కుమారదేవం సినిమా చెట్టు కూలితే జనం కదిలారు, మోడును చిగురింపజేశారు. మన వీధి చింతకు షూటింగుల భాగ్యం లేదు కదా! అయినా దాన్ని శిల్పుల చేతికి చేర్చొచ్చు. అయితే పచ్చి మొద్దు ఎండకు నెర్రెలిస్తుంది. కోసిన కొనలకు మైనం పూసి, ఏడాది రెండేళ్లు నీడన ఆరనివ్వాలి. ఆ చోటేదో మునిసిపాలిటీ చూపించాలి. కూలిన మానుల వేలంలో మొదటి హక్కు శిల్పులది కావాలి, అడితివాళ్లు ఆ తర్వాతే.