షూ పాలిష్ కాదు, బియ్యం పాలిష్

‘పాలిష్’ అనగానే మన ఇళ్లల్లో రెండు గుర్తొస్తాయి. ఒకటి బూట్లకు రాసేది, రెండోది రైసుమిల్లులో బియ్యానికి పట్టేది. మొదటిది పైన ఒక పూత వేస్తుంది. రెండోది పైనున్న తవుడు పొరను గీకేస్తుంది. కారుకు పాలిష్ చేయించేవారిలో చాలామంది బూటు పాలిష్ లాంటిదేదో జరుగుతోందని నమ్ముతారు. మెషిన్ కింద జరిగేది మాత్రం అచ్చంగా బియ్యం పాలిషే.

ఈ పని సొంతంగా నేర్చుకోవాలని సరదాపడేవాళ్లు ఇప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కనిపిస్తున్నారు. నాలుగు వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో మెషిన్ తెప్పించుకుని, ఆదివారం పొద్దున్నే ప్లగ్ పాయింట్ కోసం స్తంభాల చుట్టూ వెతుకుతుంటారు. పక్క ఫ్లాటువాళ్లు నవ్వుకున్నా సరే, వాళ్లు నేర్చుకోవడమే మంచిది. బండి మెరుపు కోసమే కాదు. ఒక్కసారి ఆ మెషిన్ పట్టుకున్నవాడు, సర్వీస్ సెంటర్‌లో ‘రబ్బింగ్ పాలిష్ కూడా వేసేయమంటారా సార్?’ అన్న ప్రశ్నకు ఇక జన్మలో ఊరికే తలూపడు.

ఎందుకో తెలియాలంటే రంగు లోతు తెలియాలి. ఇప్పటి కారు రేకు మీద వరసగా తుప్పు పట్టకుండా వేసే పొర, ప్రైమర్, రంగు ఉండే బేస్ కోట్, అన్నిటికీ పైన గాజులా పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా మందం సుమారు 100 మైక్రాన్లు, కాస్త అటూ ఇటూ. మనిషి తలవెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే కారు రంగు మొత్తం వెంట్రుకన్నర మందం. అందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడేది కూడా అదే. కాంపౌండ్ అనే గీకే పేస్టులో ముతక రకంతో గట్టిగా ఒకసారి పట్టిస్తే అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి. పోయింది మళ్లీ రాదు. ఏటేటా సర్వీసుకు వెళ్లినప్పుడల్లా పాలిష్ చేయిస్తే, ఐదారేళ్లకు బానెట్ మీద, టాప్ మీద పొర లేచి తెల్లగా పొలుసులు కట్టినా ఆశ్చర్యం లేదు.

పాతకాలం బండ్ల సంగతి వేరు. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన ‘డ్యూకో’ అనే త్వరగా ఆరే రంగును జనరల్ మోటార్స్ తన ఓక్లాండ్ కార్లకు వేసింది. ఆ కంపెనీ పేరు తెలియని మన వడ్రంగులు, పెయింటర్లు కూడా ఇవాళ్టికీ మంచాలకు, బీరువాలకు ‘డ్యూకో పెయింట్’ అంటూనే ఉన్నారు. ఆ రకం రంగులు రుద్దితేనే మెరిసేవి. పాత అంబాసిడర్లకూ మీద వేరే క్లియర్ కోట్ లేకుండా ఒకే రంగు పూత ఉండేది. దసరాకు బండిని పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకు నల్లగానో నీలంగానో అంటుకునేది. పోతున్నది ఎంతో కళ్ల ముందే కనిపించేది కాబట్టి చెయ్యి దానంతటదే ఆగేది. ఇప్పుడు గీకేది రంగులేని పొరను. గుడ్డకు అంటుకునేది తెల్లటి కాంపౌండ్ మాత్రమే. నష్టం కంటికి ఆనకపోయేసరికి, అలవాటు పాతదే మిగిలింది.

పాలిష్ చేయించేది సన్నటి గీతలు పోవాలనే కదా, ఆ గీతలు అసలు ఎక్కడినుంచి వస్తాయి? తెల్లవారుజామున ఒక బకెట్ నీళ్లు, ఒక గుడ్డ, వరసగా పది కార్లు. మూడో కారుకు వచ్చేసరికి ఆ గుడ్డ సగం ఇసుక కాగితం. పొడిదుమ్ము మీద డస్టర్ తిప్పినా అంతే. పెట్రోలు బంకు లైటు కింద సాలెగూడులా గుండ్రంగా కనిపించే ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉన్నవాటిలో దీపం చుట్టూ వలయంలా అమరినవి మాత్రమే వెలుగును పట్టుకుంటాయి. మనం నడిస్తే వలయమూ నడుస్తుంది. అంటే సగం జబ్బు కడిగే పద్ధతిలోనే ఉంది. అది మారకుండా మెషిన్ పట్టడం, కారే కుళాయి కట్టకుండా నేల తుడవడమే. రెండు బకెట్లు, మైక్రోఫైబర్ గుడ్డలు, షాంపూ కొంటే చాలామందికి మెషిన్ అవసరమే రాదు.

ఇక మెషిన్ల విషయం. టింకరింగ్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది రోటరీ. ఒకే ఇరుసు మీద నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఒకేచోట కాస్త ఎక్కువసేపు ఆగితే వేడెక్కి రంగును కాల్చేస్తుంది. అంచుల దగ్గర, బానెట్ మడతల దగ్గర రంగు సహజంగానే పలచన. ప్లాస్టిక్ బంపరైతే రేకులా వేడిని బయటికి పోనివ్వదు. పాడయ్యేది ముందుగా అక్కడే. రోటరీని అద్భుతంగా నడిపే పనివాళ్లు లేకపోలేదు. మోటారు శబ్దం బరువెక్కగానే చెయ్యి తేలిక చేస్తారు. ఆ ఒడుపు ఏళ్ల తరబడి చేస్తేగానీ రాదు. కొత్తవాడికి తగినది డ్యూయల్ యాక్షన్ మెషిన్. భూమిలాగా తన చుట్టూ తాను తిరుగుతూనే మరో చిన్న కక్ష్యలోనూ తిరుగుతుంది. మరీ ఒత్తితే ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే అదురుతుంది. అంటే తప్పు చేస్తున్నావని అదే చెబుతుంది.

మొదటి పాఠం సొంత కారు మీద వద్దు. పాత సామాన్ల దుకాణంలో డెంటు పడిన బానెట్ ఒకటి తెచ్చుకుని రెండు స్టూళ్ల మీద పెట్టాలి. నీడ ఉండాలి. మన ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం రేకు మీద కాంపౌండ్ వేస్తే, రుద్దేలోపే ఎండి పిండిలా రాలుతుంది. బాగా కడిగి, క్లే బార్ అనే మెత్తటి బంకముద్దతో అంటుకున్న మురికి తీసి, అంచులకు మాస్కింగ్ టేపు వేయాలి. ప్యాడ్ వెనకున్న ప్లేటు మీద మార్కర్‌తో ఒక గీత గీస్తే, ప్యాడ్ తిరుగుతోందో ఆగిందో కంటికి తెలుస్తుంది.

ఇప్పుడు అడుగున్నర చదరం చాలు. ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు నాలుగు. ఆన్ చేయకముందే ప్యాడ్‌ను రేకుకు ఆనించాలి, లేదంటే కాంపౌండ్ గోడకూ చొక్కాకూ చిమ్ముతుంది. వైరు భుజం మీదుగా వెనక్కి వెయ్యాలి. తక్కువ వేగంలో పరిచి, తర్వాత వేగం పెంచి, చేతిని నత్త నడకన పోనివ్వాలి. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, ప్రతి వరసా ముందు వరసను సగం కప్పుతూ నాలుగైదు సార్లు. కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే చెయ్యి తొందరపెడతారు, పైపెచ్చు గట్టిగా ఒత్తుతారు. తుడిచాక టార్చి లైటు వేసి చూడాలి. ప్యాడ్ కింద పడితే దులిపి వాడేయకూడదు. అంటిన ఒక్క ఇసుక రేణువు పొద్దుటి పనంతా పాడుచేస్తుంది.

ముందు మెత్తటి ప్యాడ్, సన్నటి పాలిష్. దానితో పని జరగకపోతేనే ఒక మెట్టు ముతకకు వెళ్లాలి. టింకరింగ్ షాపులో తొందర మీద జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. గోరు అడ్డంగా లాగితే తగిలే గీతను పాలిష్‌తో పూర్తిగా పోగొట్టాలని చూడొద్దు. దాని లోతు వరకూ చుట్టూ ఉన్న పొరనంతా తీయాల్సి వస్తుంది. ఆ గీత అలాగే ఉండనివ్వడం చేతకానితనం కాదు. బోరు నీళ్లు ఎండి మిగిల్చిన తాజా తెల్లమరకలకు నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి కడిగితే తరచూ సరిపోతుంది.

ఒక మోసం కూడా ఆ పాత బానెట్ మీదే బయటపడుతుంది. కొన్ని పాలిష్‌లలో ఉండే నూనెలు గీతల్లోకి దిగి వాటిని కప్పేస్తాయి. డెలివరీ రోజు బండి అద్దంలా ఉంటుంది. నాలుగు వాషింగులయ్యాక గీతలన్నీ తిరిగొస్తాయి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే అసలు రంగు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇంత తంటా ఎందుకు, డబ్బిస్తే చేసేవాళ్లున్నారుగా అనే వాదనా ఉంది. నిజమే, మంచి పనివాడికి మంచి కూలి ఇవ్వాలి. చిక్కల్లా, గంటలో మొత్తం కారు మెరవాలని అడిగేది మనమే. గంటలో కావాలంటే అతనికి మిగిలే దారి రోటరీ, ఊలు ప్యాడ్, ముతక కాంపౌండ్. ఒక్క అడుగున్నర చదరానికి ఎంతసేపు పడుతుందో స్వయంగా చూసినవాడు ఆ బేరం ఆడడు. తప్పు పనివాడి మీదకు నెట్టడు.

వచ్చేసారి సర్వీసుకు బండి ఇచ్చేటప్పుడు పాలిష్ ప్రస్తావన వస్తే మూడు అడగండి. ఏ మెషిన్ వాడతారు? ఏ ప్యాడ్‌తో మొదలుపెడతారు? గేజ్‌తో రంగు మందం కొలిచి ముందు ఎంతుందో, తర్వాత ఎంతుందో చూపిస్తారా? సరైన జవాబు రాకపోతే జాబ్ కార్డు మీద ‘రబ్బింగ్ వద్దు’ అని రాయించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.