కోణమాని కంటే ముందు కన్ను

మీ జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తీసి ఒకసారి పరీక్షగా చూడండి. దాని వంపు అంచున అంకెలు రెండు వరుసలలో ఉంటాయి. ఒక వరుస కుడి నుంచి ఎడమకు 0 మొదలు 180 దాకా సాగితే, రెండవది ఎడమ నుంచి కుడికి సాగుతుంది. అందువల్ల ఒకే గీత దగ్గర ఒక వరుసలో 60 అనీ, మరో వరుసలో 120 అనీ కనబడుతుంది. మరి ఏ అంకెను చదవాలి?

చాలామంది విద్యార్థులు పొరపడేది సరిగ్గా ఇక్కడే. సన్నని కోణాన్ని కొలిచి 120 డిగ్రీలని రాసేస్తారు. అడిగితే "కోణమాని అలాగే చూపించింది" అంటారు. పాపం, కోణమాని చేసిన తప్పేమీ లేదు. కొలవబోయే ముందు కోణాన్ని చూడకపోవడమే తప్పు.

కోణాల రకాల పాఠాన్ని మనం తలకిందులుగా నేర్చుకుంటున్నామని నా అభిప్రాయం. 90 డిగ్రీల కంటే తక్కువైతే అల్పకోణం, సరిగ్గా 90 అయితే లంబకోణం, 90 దాటి 180 లోపల ఉంటే అధికకోణం, 180 అయితే సరళకోణం, అది కూడా దాటి 360 లోపల ఉంటే పరావర్తన కోణం. ఈ నిర్వచనాలను వల్లించి, పరీక్షలో రాసి, మార్కులు వచ్చాక మరచిపోతాం. కానీ ఈ పేర్ల అసలు ప్రయోజనం మన కొలతను మనమే సరిచూసుకోవడం. కోణాన్ని చూడగానే "ఇది అల్పకోణం" అని గుర్తించిన విద్యార్థి దానికి 120 డిగ్రీలని ఎన్నటికీ రాయడు.

అలా గుర్తించడం కష్టమనుకుంటున్నారా? ఒక కాగితాన్ని ఎలాగైనా సరే, ఒకసారి మడవండి. మడత తిన్నని గీత అవుతుంది. అంటే దానిమీద ఏ బిందువు దగ్గరైనా ఉన్నది సరళకోణం, 180 డిగ్రీలు. ఆ మడత అంచు తన మీదనే సరిగ్గా పడేటట్లు ఇంకోసారి మడవండి. సరళకోణం రెండు సమభాగాలైంది. మీ చేతిలో ఉన్న మూల లంబకోణం! దీన్ని ఏ కోణం మీద పెట్టినా సంగతి తేలిపోతుంది. కోణం ఈ మూల లోపలే ఇమిడిపోతే అల్పకోణం, బయటకు వస్తే అధికకోణం. భుజాల పొడవును చూసి మోసపోకండి. కోణం అంటే ఒక భుజం నుంచి మరో భుజానికి ఎంత తిరగాలో చెప్పే కొలత. భుజాలను పొడిగించినా ఆ తిరుగుడు మారదు.

ఇదంతా పుస్తకాల గొడవే అనుకోకండి. ఇల్లు కట్టే మేస్త్రీ పునాదికి ముగ్గు వేసేటప్పుడు చూడండి. మూల నుంచి ఒక తాడు మీద 3 అడుగులు, రెండవ తాడు మీద 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య దూరం కొలుస్తాడు. సరిగ్గా 5 అడుగులుంటే మూల లంబకోణం. 5కి తగ్గితే అల్పకోణం, మించితే అధికకోణం. ఏ తాడును ఎటు జరపాలో వెంటనే తెలిసిపోతుంది. అర అంగుళం ఎక్కువ వస్తే కోణం దాదాపు ఒక డిగ్రీ పెరిగిందన్నమాట. మీ నోటు పుస్తకంలో 5 సెంటీమీటర్ల గీత చివర ఒక డిగ్రీ తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. 30 అడుగుల గోడ చివరకు వచ్చేసరికి అదే ఒక డిగ్రీ ఆరు అంగుళాలు దాటుతుంది!

అయితే కన్ను చెప్పిందే వేదమా? కాదు. గడియారంలో మూడున్నర అయినప్పుడు ముళ్ళ మధ్య కోణం ఎంత? తొందరపడి 90 అంటారు. కానీ అప్పటికి చిన్నముల్లు 3 దగ్గర ఆగి ఉండదు, 3కీ 4కీ నడుమకు వచ్చి ఉంటుంది. గడియారంలో రెండు అంకెల మధ్య 30 డిగ్రీలు. చిన్నముల్లు 6కి రెండున్నర గడుల దూరంలో ఉంది కాబట్టి కోణం 75 డిగ్రీలు. ఈ జవాబు ఇచ్చింది కన్నూ కాదు, కోణమానీ కాదు. ఆలోచన!

కోణమాని మీది రెండు వరుసల రహస్యం కూడా ఆలోచిస్తేనే తెలుస్తుంది. అడుగుగీత మీద నిలిచిన ఒక గీత కుడివైపు ఒక కోణాన్నీ, ఎడమవైపు మరొక కోణాన్నీ చేస్తుంది. రెండూ కలిస్తే సరళకోణం. కుడివైపున 60 ఉంటే ఎడమవైపున 120 ఉండక తప్పదు. వీటినే సంపూరక కోణాలంటాం. ఇప్పుడు ఆ గీతను అడుగుగీత కిందికి కూడా పొడిగించండి. మరో రెండు కోణాలు వస్తాయి. వాటిని కొలవనక్కరలేదు. 120కి పక్కనున్నది మళ్ళీ 60, దాని పక్కది 120. ఎదురెదురుగా ఉన్న శీర్షాభిముఖ కోణాలు ఎప్పుడూ సమానమన్నది ఇలా రుజువైపోయింది. పదిసార్లు కొలిస్తే ఒకసారి 59 అనీ, ఒకసారి 61 అనీ రావచ్చు. రుజువులో అటువంటి తేడాకు చోటు లేదు.

"మరి పరీక్షకు నిర్వచనాలు రావద్దా?" అని మీరు అడగవచ్చు. రావాలి, తప్పకుండా రావాలి. కానీ చేత్తో మడిచి, కంటితో పోల్చి తెలుసుకున్న నిర్వచనాన్ని బట్టీ పట్టే పని ఉండదు. కాబట్టి ఈసారి కోణం ఎదురైతే ముందు రకం గుర్తించండి, ఎన్ని డిగ్రీలుంటుందో అంచనా వేయండి, తర్వాత కొలవండి. అంచనాకూ కొలతకూ పొత్తు కుదరకపోతే కారణం వెతకండి.

చివరగా ఒక ప్రశ్న. ఒక త్రిభుజంలో రెండు అధికకోణాలు ఉండగలవా? బొమ్మ గీసి "కుదరడం లేదు" అంటే చాలదు. ఎందుకు కుదరదో చెప్పాలి. ఆ కారణం మీకు మీరుగా చెప్పగలిగిన రోజున రేఖాగణితం మీకు వచ్చినట్టే.