గంజాయి నరికారు, ధర ఎవరిస్తారు?

కోల్డ్ స్టోరేజీలో శనగ బస్తాలు ధర కోసం ఏళ్లు ఎదురుచూసిన సంగతి జమ్మలమడుగు రైతుకు చెప్పనక్కరలేదు. కొనేవాడు లేక గెలలు తోటలోనే మాగిపోవడం పులివెందుల అరటి రైతు చూశాడు. గంజాయి సాగు మాట వినగానే మాత్రం ‘అది మన్యం గొడవ, మనకెందుకు’ అనుకుంటాం. మూలం ఒకటే కాబట్టి మనకూ కావాలి.

2021 అక్టోబరు చివర మొదలైన ‘ఆపరేషన్ పరివర్తన’లో విశాఖ మన్యంలో సుమారు 7,500 ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. మన్యంలో సాగు తగ్గింది, కాదనం. సరుకు మాత్రం ఒడిశా నుంచి వస్తూనే ఉంది. 2024 నవంబరులో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగమే పెట్టాల్సి వచ్చింది.

ప్రపంచమంతా ఇదే కథ. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి కట్టుబడి మన పార్లమెంటు 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. 2008 నాటికి గంజాయి, నల్లమందు, కోకా సాగును రూపుమాపాలి, లేదా బాగా తగ్గించాలి అని 1998లో దేశాలన్నీ తీర్మానించాయి. ఆ గడువు దాటి ఎన్నేళ్లయిందో లెక్క వేసుకోండి. అఫ్ఘనిస్తాన్‌లో 2022 నిషేధంతో మరుసటి ఏడాదికే నల్లమందు సాగు 95 శాతం పడిపోయింది. దాంతోపాటే ఆ పంట మీద రైతుకొచ్చే రాబడీ 90 శాతానికి పైగా పోయింది. అదే ఏడాది మయన్మార్ సాగులో మొదటి స్థానానికి చేరింది.

మేము గంజాయిని వెనకేసుకు రావడం లేదు. అది మన ఊళ్ల పిల్లలనే పాడుచేస్తోంది. కానీ మూట మోసిన కూలీ దగ్గర 20 కిలోలకు మించి దొరికితే కనీసం పదేళ్ల జైలు. పెట్టుబడి పెట్టి సాగు చేయించినవాడు ఎన్నిసార్లు దొరికాడు? తోట నరికించుకున్న గిరిజనుడికి కాఫీ మొక్కలిస్తే కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. అందాకా ఏం తినాలి? పసుపు వేసుకోమంటే, ఆ పంటకు కేంద్రం మద్దతు ధరే ప్రకటించదు. పసుపు వేసే ప్రొద్దుటూరు, మైదుకూరు రైతుకూ అదే గతి. నరికిన ఎకరాలతో పాటు, ఆ ఎకరాల్లో తర్వాత వేసిన పంటకు ఏం ధర వచ్చిందో కూడా ప్రభుత్వం ఏటా ప్రకటించాలి. పసుపుకు మద్దతు ధర ఇవ్వాలి. మన సంఘం అడిగేది ఇదే.

కౌలుకిచ్చి పట్టణంలో ఉంటున్న సభ్యులకు ఒక మాట. మీ చేలో గంజాయి మొక్కలున్నాయని తెలిసీ చెప్పకపోతే ఎన్‌డీపీఎస్ చట్టం 46వ సెక్షన్ కింద మీరూ శిక్షార్హులే. పత్తి, కంది సాళ్ల మధ్య కూడా ఒకసారి నడిచి చూసుకోండి. ఈగల్ టోల్‌ఫ్రీ నంబరు 1972.