కోనేటి నీరు ఎక్కడిది?



మా మహానంది కోనేటిని మీలో అనేకులు చూచియుందురు. అడుగున పడిన రూపాయి బిళ్ల సయితము కనిపించును. మండు వేసవిలోను ఊట ఆగదు. ఆ నీరు తోటలకు పారుచుండును. అది అక్కడే పుట్టినదా? ఎప్పుడో కొండలలో కురిసిన వాన నేలలో ఇంకి, మన కంటబడక వచ్చి అక్కడ పైకి ఉబుకుచున్నది.

మొన్న యౌవనుల కూటములో డిగ్రీ చదువుచున్న ఒక సహోదరుడు లేచి, "అయ్యగారూ, గెలీలియో వచ్చేదాకా సంఘం లోకాన్ని చీకట్లోనే ఉంచిందట గదా! మరి మనం ఇక్కడెందుకు కూర్చున్నాం?" అని అడిగెను. జవాబు తెలియక మేము అతనిని గద్దించి కూర్చుండబెట్టితిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అతనికి చెప్పవలసిన మాట ఇది.

పియెర్ దుహెమ్ 1861లో పారిసులో పుట్టిన భౌతిక శాస్త్రజ్ఞుడు, భక్తిగల కేథలిక్కు. 1884లో ఆయన డాక్టరేటుకు వ్రాసిన గ్రంథము, పలుకుబడిగల శాస్త్రజ్ఞుడు బెర్తెలో సిద్ధాంతమును తప్పుపట్టినది, అది తిరస్కరింపబడెను. వేరొక గ్రంథముతో 1888లో పట్టము వచ్చెను గాని, పారిసులో ఆచార్య పదవి ఎన్నడును రాలేదు. 1892లో కాన్పులో భార్య చనిపోయెను. పసిబిడ్డ హెలెన్ మిగిలెను. 1894 నుండి మరణమువరకు ఆయన బోర్డోలోనే బోధించెను.

తూనికల శాస్త్రము ఎట్లు పుట్టెనో వ్రాయబూని ఆయన పాత చేతివ్రాత ప్రతులు తిరగవేసెను. మొదట 13వ శతాబ్దపు జోర్డానుసు, తరువాత 14వ శతాబ్దపు పారిసు పండితుడు బురిదాను కనబడిరి. విసరిన రాయి చేయి ఇచ్చిన ఊపుతోనే సాగునని, సృష్టియందు దేవుడు ఆకాశ గోళములకిచ్చిన ఊపు అడ్డగించునది లేనందున తరుగకుండవచ్చునని బురిదాను వ్రాసియుండెను. ఇది గెలీలియోకు రెండు వందల ఏండ్లకు పైగా ముందటి మాట!

ఆ చరిత్ర పది సంపుటములాయెను. మొదటిది 1913లో వచ్చెను. 1916లో ఆయన కన్నుమూయునప్పటికి చివరి ఐదును అచ్చుకాలేదు. హెలెన్ పట్టువిడువక శ్రమించగా 1954–1959 మధ్య అవి వెలువడెను. తండ్రి విత్తెను, కుమార్తె కోసెను.

దుహెమ్ చెప్పినదంతయు తరువాతి చరిత్రకారులు ఒప్పుకొనలేదు. గెలీలియో చేసిన క్రొత్త పని క్రొత్తదే. 1633లో సంఘము ఆయనకు శిక్ష విధించుటయు నిజమే. దానిని మనము దాచరాదు. దుహెమ్ సయితము భౌతిక శాస్త్రముతో విశ్వాసమును నిరూపింపబోలేదు. నిజమును వెదకుటకు భయపడలేదు, అంతే.

తల్లిదండ్రులారా, బిడ్డలు ప్రశ్నించునప్పుడు గద్దింపకుడి. తెలియనిచో తెలియదని చెప్పి, వారితో కలిసి వెదకుడి. యోహాను సువార్త 4వ అధ్యాయము 37, 38 వచనములు ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదువుకొనుడి. రాబోవు ఆదివారము మేము ఆ సహోదరుని క్షమాపణ అడుగబోవుచున్నాము. మాకొరకు ప్రార్థించుడి.