చుక్కల దుప్పికి ఏ తూటా?

శ్రీవిజయపురంలో పడవ ఎక్కితే కాసేపట్లోనే రాస్ దీవి. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీవిజయపురమైంది. పేర్లు మారినా దీవిలో దృశ్యం మారలేదు. కూలిన బ్రిటిష్ బంగళాల మధ్య చుక్కల దుప్పులు పర్యాటకుల చేతుల్లోని బిస్కెట్ల కోసం మెడ చాస్తుంటాయి. విశాఖ నుంచి వచ్చిన కుటుంబమైనా, చెన్నై నుంచి వచ్చిన జంటైనా ఫోటో తీసుకోకుండా వెనుదిరగరు. ఫోటోలో కనిపించని సంగతి ఒక్కటే: ఆ దుప్పి అక్కడిది కాదు.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో వేట సరదా కోసం తెల్లదొరలు దాన్ని ప్రధాన భూభాగం నుంచి తెచ్చి వదిలారు. అండమాన్‌లో పులి లేదు, రేచుకుక్క లేదు. పైగా దుప్పికి ఈత వచ్చు. ఒక దీవి నుంచి మరో దీవికి పాకిపోయింది. 1950లలో ప్రభుత్వం చిరుతలను తెచ్చి వదిలినా అవి నిలదొక్కుకోలేదు. జరావాల బాణం గురి తరతరాలుగా అడవి పంది మీదే. అడ్డులేని దుప్పి మొలకలను మేసేస్తుంటే అడవి అడుగు బోసిపోతోంది. ఈ నష్టం గురించి పరిశోధకుడు రవూఫ్ అలీ 2004లోనే రాశారు. దుప్పులు ఎక్కువైన చోట నేలబల్లులు, పొదల్లోని తొండలు తగ్గిపోతున్నాయని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కార్తికేయన్ వాసుదేవన్, సహచరులు 2016లో తేల్చారు.

మరి కాల్చాల్సి వస్తే దేనితో కాల్చాలి? ఇది వేటగాళ్ల కబురులా వినిపిస్తుంది కానీ, ఏ ప్రభుత్వమైనా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. సైనికులు వాడే, పూర్తి లోహపు తొడుగున్న తూటా విచ్చుకోదు. దుప్పిలోంచి దూసుకుపోయి వెనకున్న మనిషికి తగిలినా తగలొచ్చు. గాయపడిన జంతువు పొదల్లోకి పారిపోయి గంటల తరబడి యాతనపడి చస్తుంది. మొన మెత్తగా ఉండే సాఫ్ట్ పాయింట్ తూటా తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది, శక్తినంతా ఒంట్లోనే వదులుతుంది. ఊపిరితిత్తుల మీద గురి కుదిరితే దుప్పి ఎక్కువ దూరం పోలేదు. ఈ రకం తూటాకు పేరు తెచ్చింది కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారమే. యుద్ధంలో మనిషి మీద వాడటాన్ని 1899లో హేగ్ ప్రకటన నిషేధించింది. అదే తూటాను జింకల విషయంలో బ్రిటన్ 1991 చట్టం తప్పనిసరి చేసింది. మనిషికి క్రూరమైనది జింకకు దయ అయింది మరి!

తొంభై కిలోల దాకా తూగే మగ దుప్పికి .22 చాలదు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .315 రైఫిల్ సరిపోతుంది. అయితే సీసపు తూటా పగిలి సన్నని తునకలు పేగుల్లో మిగిలిపోతాయి. వాటిని తిన్న గద్దలకు విషం ఎక్కుతుంది. కాండర్ రాబందులను ఇలాగే పోగొట్టుకున్న కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా మాన్పించింది. సముద్రపు గద్దలున్న దీవుల్లో అయితే రాగి తూటాయే మేలు. ఖరీదు ఎక్కువే.

అసలు చిక్కు తుపాకీలో లేదు. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో నీల్‌గాయిలను కాల్చినప్పుడు కేంద్ర మంత్రులే పరస్పరం విరుచుకుపడ్డారు. పంట పోగొట్టుకున్న రైతు ఉన్నచోటే అంత గొడవైతే, బిస్కెట్ తినే దుప్పి సంగతి చెప్పాలా? పట్టి తరలిద్దామన్నా, వలల్లో బెదిరి గుండె ఆగేది దుప్పికే.

చట్టం మరింత వింతగా ఉంది. పరాయి జీవుల బెడదను అరికట్టాలని 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 'పరాయి' అంటే భారతదేశానికి చెందనిది అని నిర్వచనం. నల్లమలలో పుట్టిన దుప్పి బంగాళాఖాతం దాటినా భారతీయురాలే. ఇక 11వ సెక్షన్ సంగతి: మనిషి ప్రాణానికో, పంటతో సహా ఆస్తికో ముప్పు ఉంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వేటకు అనుమతించొచ్చు. అండమాన్ బల్లులు ఎవరి ఆస్తీ కావు.