క్లిక్కే కదా అనేవాళ్ళతో

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మొదలై కెనడాలో టొరంటో పక్కనున్న మిస్సిసాగా, బ్రాంప్టన్‌లలోని చిన్న చిన్న డిజైన్ ఆఫీసుల దాకా, ఆటోక్యాడ్ మీద బతికే మనవాళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయింది. డ్రాఫ్టింగ్ అంటే కమాండ్లట. ఎల్ కొడితే లైను, టీఆర్ కొడితే ట్రిమ్, సీఓ కొడితే కాపీ. షార్ట్‌కట్లు ఎన్ని నోటికొస్తే అంత మొనగాడు. మరి గీతల్ని సెలెక్ట్ చేయడం? అది క్లిక్కే కదా, ఎవడికి రాదు? ఇంటర్వ్యూల్లో కూడా చేతి వేగమే చూస్తారు. ఆ చెయ్యి దేన్ని ఎలా పట్టుకుంటోందో చూసే నాథుడు లేడు.

ఈ నమ్మకం తప్పు. డ్రాయింగును గీసేది ఒక్కసారే. ఆ తర్వాత ఇంటివాళ్ళ మనసు మారిందనీ, పర్మిట్ ఆఫీసు అభ్యంతరం చెప్పిందనీ వారాల తరబడి మార్పులే. మార్చాలంటే ముందు పట్టుకోవాలి. కమాండు తప్పు కొడితే ఆ క్షణమే తెలిసిపోతుంది. అండూ కొట్టి నవ్వుకుంటాం. సెలెక్షన్ తప్పితే మాత్రం తెర మీద అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది.

ఒంటారియోలో బేస్‌మెంటును అద్దెకిచ్చే వాటాగా మార్చే పనే తీసుకోండి. మనవాళ్ళ చేతుల్లో ఇలాంటివి చాలా నడుస్తుంటాయి. అక్కడి పడకగదికి వేరే దారి లేనప్పుడు, నిప్పంటుకుంటే మనిషి కిటికీలోంచి బయటపడగలగాలి. అందుకని కిటికీ తెరిస్తే వచ్చే ఖాళీ 0.35 చదరపు మీటర్లకు తగ్గకూడదనీ, పొడవు వెడల్పుల్లో ఏదీ 380 మిల్లీమీటర్లకు తగ్గకూడదనీ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. ప్లానులో కిటికీ చిన్నదైంది, పెంచాలి. స్ట్రెచ్ కమాండు ఇస్తాం. ఇక్కడ మౌసును ఎటునుంచి ఎటు లాగామన్నదే అసలు సంగతి. ఎడమ నుంచి కుడికి లాగితే నీలం పెట్టె: పూర్తిగా లోపల ఉన్నవే చిక్కుతాయి, అవి ఉన్నవి ఉన్నట్టుగా జరుగుతాయి తప్ప సాగవు. కుడి నుంచి ఎడమకు లాగితే ఆకుపచ్చ పెట్టె: తాకినవన్నీ చిక్కుతాయి, పెట్టెలో పడిన కొసలే కదులుతాయి. ఆ పెట్టెలో కొలత గీత కొస పడలేదనుకోండి. పాత ఫైలు కాబట్టి ఆ కొలతకు గోడతో లంకె ఎప్పుడో తెగిపోయి ఉంది. కిటికీ పెరుగుతుంది, అంకె మాత్రం పాతదే ఉండిపోతుంది. పునాది గోడను కోసేవాడు బొమ్మను కొలవడు, అంకె చదువుకుని కాంక్రీటు కోస్తాడు. కింద తన బీసీఐఎన్ (డిజైనరు గుర్తింపు) నంబరు వేసి సంతకం పెట్టిన డిజైనరు, చిన్నగా తెగిన ఆ గోడను ఏ షార్ట్‌కట్‌తో సరిచేస్తాడు?

ఇంకోటి. ఎరేజ్ కొట్టి, ఆల్ అంటే ఫ్రీజ్ చేసిన, లాక్ చేసిన లేయర్లలోవి బతుకుతాయి. ఊరికే ఆఫ్ చేసిన లేయర్లలోవి కంటికి కనపడకుండానే పోతాయి. కనపడనిదాన్ని ఏ హైలైటూ చూపించదు. అప్పుడు దిక్కు కమాండ్ లైన్ ఒక్కటే, ఎన్ని దొరికాయో అంకె చెబుతుంది. దాన్ని కూడా తెర ఇరుకవుతోందని మూసేసుకునే ఘనులున్నారు!

పాతకాపులు మరో వాదన తెస్తారు: హైలైటు వట్టి అలంకారం, యంత్రానికి బరువు. 1982లో ఆటోక్యాడ్ బయటికొచ్చిన నాటి కంప్యూటర్లకు బరువేనేమో, ఒప్పుకుంటాను. 2015 వెర్షన్‌లో, సెలెక్ట్ చేసినవాటిని చూపించడానికి తెగిన గీతల బదులు నీలిరంగు మెరుపు వచ్చినప్పుడు చాలామంది సణిగి, సెట్టింగు మార్చుకుని పాతదానికే పోయారు. కానీ డ్రాయింగులో తెగిన గీతకు ముందే ఒక అర్థం ఉంది: వెనక దాగిన అంచు. పట్టుకున్న గీతనూ దాగిన గీతనూ ఒకే వేషంలో చూపించడం ఏం తెలివి? నువ్వు అన్నదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నానని యంత్రం తిరిగి చెప్పే మాట హైలైటు. పచారీ కొట్టువాడు కూడా చీటీలోని సరుకులన్నీ పైకి చదివాకే పొట్లం కడతాడు.

విచిత్రమేమిటంటే, ఈ ‘క్లిక్కే కదా’ను ప్రపంచంలోనే గట్టిగా పట్టించుకున్న ఊళ్ళలో టొరంటో ఒకటి. గురి ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే చేతికి అంత ఎక్కువ సమయం పడుతుందని 1954లో అమెరికాలో ఫిట్స్ అనే శాస్త్రవేత్త సూత్రం కట్టాడు. దాన్ని మౌసుకు అన్వయించే పనిని స్కాట్ మెకంజీ టొరంటో విశ్వవిద్యాలయంలో 1991 నాటి తన పీహెచ్‌డీలో ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. 2005లో అదే విశ్వవిద్యాలయం నుంచి టోవీ గ్రాస్‌మన్, రవిన్ బాలకృష్ణన్ బబుల్ కర్సర్‌ను ప్రతిపాదించారు. ఆ కర్సర్ ఒక వలయం. అన్నిటికన్నా దగ్గరున్న ఒక్క వస్తువే లోపలుండేలా తనంతట తానే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. మరుసటి ఏడాదే ఆటోక్యాడ్‌ను తయారుచేసే ఆటోడెస్క్ టొరంటోలోని ఏలియస్ కంపెనీని కొన్నది. గ్రాస్‌మన్ కూడా తర్వాత ఆటోడెస్క్ పరిశోధన విభాగంలో పనిచేశాడు. అయినా ఆటోక్యాడ్‌లో గీతల్ని పట్టుకునే కర్సర్ ఇప్పటికీ ఆ చిన్న చతురస్రమే. దాని తప్పు నేను పట్టడం లేదు. గీత మీద గీత పడి కిక్కిరిసిన ప్లానులో ఆ వలయానికి పెరిగే చోటే ఉండదు. కానీ ఒక్క క్లిక్కు మీద పండితులు ఏళ్ళ తరబడి కూర్చున్న ఊరికి కూతవేటులో ఉండి, మనవాళ్ళు దాన్ని పిల్లల పనంటారు.

ఇక రేపు ఏఐ వచ్చి అదే ఏరుకుంటుందంటారా? ఏరుకోనివ్వండి. సెలెక్ట్ సిమిలర్ ఇప్పటికే ఒక్కదాన్ని చూపిస్తే అలాంటివన్నీ పట్టి తెస్తోంది, తెర అవతల ఉన్నవాటితో సహా. అది ఎన్ని తెస్తే మన కంటికి అంత పని.

కాబట్టి ఉద్యోగానికొచ్చిన కుర్రాడికి ఖాళీ తెర ఇచ్చి గీయమనడం మానండి. పదిమంది చేతులు మారిన పాత ప్లాను ఒకటి తెరిచి, కిటికీని ఒక అడుగు పెంచమనండి. మౌసు ఎటునుంచి లాగాడో, ఎంటర్ కొట్టే ముందు కమాండ్ లైన్‌లో అంకె చదివాడో లేదో పక్కన నిలబడి చూడండి.