పక్కవాద్యం, పక్కన కుంచె

"రెండు పడవల మీద కాళ్లు పెట్టకురా అబ్బాయీ!" అనని తండ్రి మన ఇళ్లలో అరుదు. కొడుకు మృదంగం పక్కన రంగుల డబ్బా కూడా కనిపిస్తే పెద్దలకు నిద్ర పట్టదు. అటువంటివారికి నేను హాలండు దేశపు హాన్ బెన్నింక్ సంగతి చెబుతూ ఉంటాను.

ఆయన 1942లో జాండాంలో పుట్టాడు. తండ్రి ఆర్కెస్ట్రాలో వాద్యగాడు. కుర్రవాడు మొదట దరువు వేసింది వంటింటి కుర్చీ మీద! చదివింది మాత్రం చిత్రకళ. అమెరికా నుంచి జాజ్ విద్వాంసులు వస్తే డ్రమ్ములకు ఈయనను పిలిచేవారు. 1964 జూన్ 2న హిల్వర్సంలో ఎరిక్ డాల్ఫీ పక్కన వాయించాడు. ఆ రికార్డింగు నిలిచిపోయింది. డాల్ఫీ మాత్రం ఆ నెల 29న బెర్లిన్‌లో కన్నుమూశాడు. 1967లో సోనీ రోలిన్స్‌కూ ఈయనే వాయించాడు.

పక్కవాద్యగాడి బ్రతుకు మీకు తెలియనిదా? చప్పట్లు ముందు కూర్చున్నవారివి. ఇతడి పేరు రికార్డు అట్ట వెనుక, చిన్న అక్షరాల్లో. అదే 1967లో బెన్నింక్ ఇద్దరు మిత్రులతో కలిసి సొంత సంస్థ పెట్టుకున్నాడు. ఆ రికార్డుల అట్టలకు తానే బొమ్మలు వేశాడు. వెనుక ఉండవలసిన మనిషి, కుంచె పుణ్యమా అని ముందుకు వచ్చాడన్నమాట!

బొమ్మలోనైనా, తాళంలోనైనా ఖాళీ ఎక్కడ వదలాలో తెలియడమే విద్య. అందుచేత ఇవి రెండు పడవలు కావు, ఒకే పడవకు రెండు తెడ్లు. సంపాదనకు నేను పూచీపడలేను గాని, ఆ రంగుల డబ్బాను మాత్రం అటక ఎక్కించకండి!